ప్లే స్టోర్‌కి పంపే ముందు: మీ ఆండ్రాయిడ్ బిల్డ్ సరైన కీతోనే సైన్ అయిందో లేదో చూసుకోవడం ఎలా?

"బిల్డ్ బాగానే అయింది, అప్‌లోడ్ చేస్తే మాత్రం రాంగ్ కీ అంటోంది. ఏం చేయాలి?" ఈ ప్రశ్న నాకు తరచూ వస్తూనే ఉంటుంది. చాలామంది సరిగ్గా రిలీజ్ రోజు రాత్రి, క్లయింట్ ఫోన్ మీద ఫోన్ చేస్తున్నప్పుడు అడుగుతారు. ఆ టెన్షన్‌లో కొందరు కొత్త కీస్టోర్ (సైన్ చేసే కీ ఉండే ఫైల్) తయారుచేసి పాతదాని చోట పెట్టేస్తారు. అరగంటలో తేలిపోయే సమస్య అక్కడితో వారాల పని అవుతుంది.

"బిల్డ్ సక్సెస్‌ఫుల్" అని కనిపిస్తే కోడ్ కంపైలై ఫైల్ తయారైందని మాత్రమే అర్థం. దాని మీద కీతో పడిన డిజిటల్ సంతకం మీ యాప్‌దేనా అన్నది బిల్డ్ చేసే టూల్ అయిన గ్రేడిల్‌కి తెలియదు. ఏ కీ ఇస్తే దానితో సైన్ చేస్తుంది, ఏమీ ఇవ్వకపోతే సైన్ చేయకుండానే ఫైల్ ఇచ్చేస్తుంది. అందుకే సెట్టింగులు చూసి సరిపెట్టుకోకండి, తయారైన ఫైల్‌నే తెరిచి చూడండి. ఇక్కడ చెప్పే అడుగులన్నీ ఆండ్రాయిడ్ యాప్‌ల కోసమే. ఐఫోన్ యాప్‌ల పద్ధతి పూర్తిగా వేరు.

## 1. ముందుగా దగ్గర పెట్టుకోవలసినవి

మొదలుపెట్టే ముందు ఇవన్నీ ఉన్నాయో లేదో చూసుకోండి:

- ప్లే కన్సోల్‌లో (యాప్‌లు అప్‌లోడ్ చేసే గూగుల్ సైట్) యాప్ సైనింగ్ పేజీ చూడగలిగే లాగిన్
- కీస్టోర్ ఫైల్, కీస్టోర్ పాస్‌వర్డ్, ఏలియాస్ (కీస్టోర్ లోపల కీకి పెట్టిన పేరు), కీ పాస్‌వర్డ్
- కీటూల్, కీస్టోర్‌ని తెరిచి చూపించే టూల్. ఇది జేడీకేతో (జావా డెవలప్‌మెంట్ కిట్) పాటే వస్తుంది. టెర్మినల్‌లో దొరకకపోతే ఆండ్రాయిడ్ స్టూడియో ఫోల్డర్‌లోని జేబీఆర్ అనే ఫోల్డర్‌లో, బిన్ కింద ఉంటుంది
- ఏపీకేసైనర్, ఏపీకే (ఫోన్‌లో ఇన్‌స్టాల్ అయ్యే యాప్ ఫైల్) మీది సంతకాన్ని చూపించే టూల్. ఆండ్రాయిడ్ ఎస్‌డీకే ఫోల్డర్‌లో బిల్డ్-టూల్స్ కింద, వర్షన్ నంబర్ ఉన్న ఫోల్డర్‌లో ఉంటుంది
- ఒక ఖాళీ నోట్‌ప్యాడ్ ఫైల్

నోట్‌ప్యాడ్ ఎందుకంటే, ప్లే కన్సోల్‌లోని ఫింగర్‌ప్రింట్లను మొదట అందులోకి కాపీ చేసుకోవాలి. పోల్చడానికి సరైన విలువలు ముందు చేతిలో ఉంటేనే తర్వాత చేసే తనిఖీకి అర్థం ఉంటుంది. కన్సోల్ మెనూలు అప్పుడప్పుడు మారుతుంటాయి కాబట్టి, కనిపించకపోతే పైన సెర్చ్ పెట్టెలో "యాప్ సైనింగ్" అని వెతకండి. ఆ పేజీలో రెండు సర్టిఫికెట్లు ఉంటాయి: యాప్ సైనింగ్ కీది ఒకటి, అప్‌లోడ్ కీది ఒకటి. రెండింటి షా-1, షా-256 విలువలనూ (ఫింగర్‌ప్రింట్లంటే ఇవే, సర్టిఫికెట్‌ని గుర్తుపట్టే అక్షరాల గొలుసులు) పేర్లు రాసి మరీ కాపీ చేసుకోండి.

## 2. మూడు కీలు, మూడు పనులు

గందరగోళంలో సగం ఇక్కడే మొదలవుతుంది.

డీబగ్ కీ. ఆండ్రాయిడ్ టూల్స్ మీ కంప్యూటర్‌లో తమంతట తామే తయారుచేసుకునేది. ఏలియాస్ "ఆండ్రాయిడ్‌డీబగ్‌కీ", పాస్‌వర్డ్ "ఆండ్రాయిడ్". సర్టిఫికెట్ ఓనర్ దగ్గర "ఆండ్రాయిడ్ డీబగ్" అని ఉంటుంది. ఈ కీతో సైన్ చేసిన ఫైల్‌ని ప్లే స్టోర్ తీసుకోదు. పైగా ఒక్కో కంప్యూటర్‌లో ఇది ఒక్కోలా ఉంటుంది.

అప్‌లోడ్ కీ. మీ దగ్గర ఉండేది. ఈ ఫైల్ పంపింది మీరేనని గూగుల్‌కి చెప్పడమే దీని పని.

యాప్ సైనింగ్ కీ. వాడుకరుల ఫోన్లలోకి వెళ్లే ఏపీకే మీద ఉండే అసలు సంతకం దీనిదే. 2021 ఆగస్టు నుంచి కొత్త యాప్‌లన్నీ ఏఏబీ (ఆండ్రాయిడ్ యాప్ బండిల్) రూపంలోనే, ప్లే యాప్ సైనింగ్‌తోనే వెళ్లాలి కాబట్టి ఈ కీ గూగుల్ దగ్గర ఉంటుంది. మీరు అప్‌లోడ్ కీతో పంపిన ఫైల్ నుంచి గూగుల్ ఏపీకేలు తయారుచేసి, వాటిని ఈ కీతో సైన్ చేస్తుంది.

కాబట్టి మీ కంప్యూటర్‌లో తయారైన ఏఏబీని పోల్చాల్సింది అప్‌లోడ్ కీ ఫింగర్‌ప్రింట్‌తో. స్టోర్ నుంచి దిగిన యాప్‌ని పోల్చాల్సింది యాప్ సైనింగ్ కీ ఫింగర్‌ప్రింట్‌తో. ఈ రెండూ తారుమారైతే అంతా సవ్యంగా ఉన్నా తప్పుగానే కనిపిస్తుంది.

## 3. కీస్టోర్‌ని విడిగా తెరిచి చూడండి

ప్రాజెక్ట్ జోలికి వెళ్లకముందే కీస్టోర్ సంగతి తేల్చేయండి. టెర్మినల్‌లో కమాండ్ వరస ఇది (ఇంగ్లీష్ అక్షరాల్లో కొట్టాలి):

కీటూల్ -లిస్ట్ -వి -కీస్టోర్ (ఫైల్ దారి)

పాస్‌వర్డ్ అడుగుతుంది. దాన్ని కమాండ్‌లోనే రాయకండి, టెర్మినల్ హిస్టరీలో ఉండిపోతుంది. తెరుచుకున్నాక నాలుగు విషయాలు చూడండి.

- ఏలియాస్ పేరు. ఒక్కో అక్షరం చూసి నోట్‌ప్యాడ్‌లోకి కాపీ చేసుకోండి. ఒకే కీస్టోర్‌లో రెండు మూడు ఏలియాస్‌లు ఉండొచ్చు. పాత యాప్‌ది, కొత్త యాప్‌ది ఒకే ఫైల్‌లో పెట్టేవాళ్లు చాలామందే.
- ఎంట్రీ రకం. "ప్రైవేట్ కీ ఎంట్రీ" అని ఉండాలి. "ట్రస్టెడ్ సర్ట్ ఎంట్రీ" అని ఉంటే మీకు అందింది సర్టిఫికెట్ మాత్రమే, కీ కాదు. దానితో సైన్ చేయలేరు. పాత డెవలపర్ నుంచి ప్రాజెక్ట్ చేతులు మారినప్పుడు ఇది తప్పకుండా చూడండి.
- గడువు. గూగుల్ ప్లే కోసం సర్టిఫికెట్ గడువు 2033 అక్టోబర్ 22 దాటి ఉండాలి. కీ తయారుచేసేటప్పుడు 10,000 రోజులు ఇస్తే సుమారు 27 ఏళ్లు వస్తుంది, ఆ లెక్క సరిపోతుంది.
- షా-1, షా-256. నోట్‌ప్యాడ్‌లోని అప్‌లోడ్ కీ విలువలతో పోల్చండి.

ఇక్కడే తేడా వస్తే ముందుకు వెళ్లకండి. తప్పు కీస్టోర్ పెట్టుకుని ఎన్ని సెట్టింగులు మార్చినా బిల్డ్ సరికాదు. ఇమెయిల్ అటాచ్‌మెంట్లు, పాత ల్యాప్‌టాప్, డ్రైవ్ ఫోల్డర్లు వెతికి, దొరికిన ప్రతి కీస్టోర్‌నీ ఇదే కమాండ్‌తో తెరిచి చూడండి. ఫైల్ పేరులో "ఫైనల్" అని ఉన్నంత మాత్రాన నమ్మొద్దు, ఫింగర్‌ప్రింట్ కలిస్తేనే అది మీది.

## 4. గ్రేడిల్ సెట్టింగులు

యాప్ ఫోల్డర్‌లోని బిల్డ్.గ్రేడిల్ తెరవండి. సైనింగ్ కాన్ఫిగ్స్ అనే బ్లాక్‌లో రిలీజ్ పేరుతో నాలుగు వివరాలు ఉండాలి: స్టోర్ ఫైల్, స్టోర్ పాస్‌వర్డ్, కీ ఏలియాస్, కీ పాస్‌వర్డ్. అవి ఉన్నంత మాత్రాన సరిపోదు. కింద బిల్డ్ టైప్స్ బ్లాక్‌లో, రిలీజ్ లోపల, సైనింగ్ కాన్ఫిగ్‌గా ఆ రిలీజ్‌నే చూపించి ఉండాలి.

ఫ్లట్టర్, రియాక్ట్ నేటివ్ వాడేవాళ్లు ఇది తప్పక చూడండి. ఈ రెండింటి కొత్త ప్రాజెక్టుల్లో రిలీజ్ బిల్డ్‌కి మొదట డీబగ్ కీనే పెట్టి ఉంటుంది. మార్చుకోమని పక్కనే కామెంట్ కూడా ఉంటుంది, ఎవరూ చదవరు. పైన రిలీజ్ కాన్ఫిగ్ చక్కగా రాసి, కింద ఆ ఒక్క లైన్ మార్చడం మర్చిపోయిన ప్రాజెక్టులు నేను ఎన్నో చూశాను.

ఫైల్ దారి. యాప్ మాడ్యూల్ గ్రేడిల్‌లో ఫైల్ అని రాసే దారి ఆ యాప్ ఫోల్డర్ నుంచి మొదలవుతుంది. కీస్టోర్‌ని దాని పై ఫోల్డర్‌లో పెట్టి పేరు ఒక్కటే రాస్తే "కీస్టోర్ ఫైల్ నాట్ ఫౌండ్" అని ఆగిపోతుంది. విండోస్ వాళ్లు ప్రాపర్టీస్ ఫైల్‌లో (ఈ నాలుగు వివరాలు విడిగా రాసి పెట్టుకునే కీ.ప్రాపర్టీస్) దారి రాసేటప్పుడు వెనక్కి వాలిన గీత ఒక్కటే వాడకండి. ముందుకు వాలిన గీత వాడండి, లేదా వెనక్కి వాలిన గీతను రెండుసార్లు పెట్టండి.

పాస్‌వర్డ్ చివర ఖాళీ. ఇది నాకు జరిగినదే. ఒక క్లయింట్ ప్రాజెక్టులో తోటి డెవలపర్ పాస్‌వర్డ్‌ని మెసేజ్‌లో పంపితే, నేను కీ.ప్రాపర్టీస్ ఫైల్‌లో పేస్ట్ చేశాను. బిల్డ్ చేస్తే "కీస్టోర్ టాంపర్ అయింది లేదా పాస్‌వర్డ్ తప్పు" అనే అర్థంలో ఎర్రర్. అదే పాస్‌వర్డ్ టెర్మినల్‌లో చేత్తో కొడితే కీస్టోర్ తెరుచుకుంటోంది. ఫైల్ పాడైందేమోనని మళ్లీ తెప్పించుకున్నాను, ఫోల్డర్ మార్చాను, రెండు గంటలు పోయాయి. చివరికి ఆ లైన్ మీద ఎండ్ బటన్ నొక్కితే కర్సర్ చివరి అక్షరం పక్కన కాకుండా ఒక అక్షరం అవతల నిలబడింది. పాస్‌వర్డ్ చివర ఒక ఖాళీ ఉంది. ప్రాపర్టీస్ ఫైల్‌లో విలువకు ముందున్న ఖాళీలను జావా వదిలేస్తుంది కానీ, చివర ఉన్న ఖాళీని పాస్‌వర్డ్‌లో భాగంగానే చదువుతుంది. అప్పటినుంచి నాలుగు లైన్ల మీదా ఎండ్ నొక్కి చూడకుండా నేను ఆ ఫైల్ మూయను.

ఫ్లేవర్లు ఉంటే. ఒకే కోడ్ నుంచి రెండు యాప్‌లు తీసేవాళ్లు ఒక్కో ఫ్లేవర్‌కి ఒక్కో సైనింగ్ కాన్ఫిగ్ రాస్తారు. కానీ బిల్డ్ టైప్‌లో కూడా సైనింగ్ కాన్ఫిగ్ ఉంటే అదే గెలుస్తుంది, ఫ్లేవర్‌లో రాసింది పక్కకు పోతుంది. అప్పుడు రెండు యాప్‌ల మీదా ఒకే కీ పడుతుంది. ఫ్లేవర్ల వారీగా కీలు కావాలంటే బిల్డ్ టైప్స్‌లోని రిలీజ్ నుంచి ఆ లైన్ తీసేయండి.

ఆండ్రాయిడ్ స్టూడియో విజార్డ్. మెనూలోంచి సైన్డ్ బండిల్ తయారుచేసేటప్పుడు, అక్కడ ఎంచుకున్న కీస్టోర్‌తోనే సైన్ అవుతుంది, గ్రేడిల్‌లో ఏం రాసినా సరే. విజార్డ్ పాత ఎంపికను గుర్తుపెట్టుకుంటుంది. కిందటి వారం వేరే యాప్ బిల్డ్ చేసి ఉంటే ఆ కీస్టోరే అక్కడ కూర్చుని ఉండొచ్చు. టీమ్‌లో ఒకరు విజార్డ్, ఇంకొకరు కమాండ్ వాడుతుంటే తేడాలు వచ్చేది ఇందుకే. ఏదో ఒక పద్ధతికే అందరూ కట్టుబడండి.

సెట్టింగులు అయ్యాక ప్రాజెక్ట్ ఆండ్రాయిడ్ ఫోల్డర్‌లో "గ్రేడిల్‌డబ్ల్యూ సైనింగ్‌రిపోర్ట్" నడపండి. ఒక్కో వేరియంట్‌కి ఏ కాన్ఫిగ్, ఏ స్టోర్, ఏ ఏలియాస్, ఏ ఫింగర్‌ప్రింట్ అన్నది చూపిస్తుంది. లిస్టు పొడుగ్గా వస్తుంది. మొదట కనిపించిన షా-1 కాపీ చేసుకోకండి, చాలాసార్లు అది డీబగ్ వేరియంట్‌ది. "వేరియంట్: రిలీజ్" అన్న భాగం దాకా వెళ్లి చూడండి.

## 5. శుభ్రంగా బిల్డ్ చేయండి

ముందు క్లీన్ చేసి, తర్వాత రిలీజ్ ఏఏబీ బిల్డ్ చేయండి. ఫ్లట్టర్‌లో ఫైల్ బిల్డ్, యాప్, అవుట్‌పుట్స్, బండిల్, రిలీజ్ ఫోల్డర్ల వరసలో ఉంటుంది. ఫైల్ తయారైన టైమ్ చూడండి. నిన్నటి ఫైల్‌ని ఇవాళ తనిఖీ చేసి తల పట్టుకున్నవాళ్లు ఉన్నారు. ఏపీకే పేరులో "అన్‌సైన్డ్" అని ఉంటే రిలీజ్‌కి సైనింగ్ కాన్ఫిగ్ అందలేదని అర్థం, వెనక్కి వెళ్లి 4వ అడుగు చూడండి.

## 6. అసలు తనిఖీ: ఫైల్‌నే అడగండి

మిగతావన్నీ వదిలేసినా ఈ అడుగు మాత్రం వదలొద్దు.

ఏఏబీ అయితే కీటూల్ వాడాలి:

కీటూల్ -ప్రింట్‌సర్ట్ -జార్‌ఫైల్ (ఏఏబీ ఫైల్ దారి)

ఓనర్, గడువు, షా-1, షా-256 వరసగా వస్తాయి. ఓనర్ దగ్గర "ఆండ్రాయిడ్ డీబగ్" కనిపిస్తే అక్కడే ఆగండి. "నాట్ ఎ సైన్డ్ జార్ ఫైల్" అని వస్తే ఏఏబీ మీద సంతకమే లేదు.

ఏపీకే అయితే ఏపీకేసైనర్ వాడాలి:

ఏపీకేసైనర్ వెరిఫై --వెర్బోస్ --ప్రింట్-సర్ట్స్ (ఏపీకే ఫైల్ దారి)

ఈ రెండూ కలపకండి. ఏపీకేని కీటూల్‌తో చూస్తే, సరిగ్గా సైన్ అయిన ఫైల్‌కి కూడా "నాట్ ఎ సైన్డ్ జార్ ఫైల్" అని రావచ్చు. కీటూల్ చదివేది పాత వీ1 పద్ధతి సంతకాన్నే. మీ యాప్ మినిమమ్ ఎస్‌డీకే (యాప్ నడిచే అతి పాత ఆండ్రాయిడ్ వర్షన్ నంబర్) 24 గానీ అంతకన్నా ఎక్కువ గానీ అయితే, గ్రేడిల్ మామూలుగా వీ1 సంతకం వేయదు, వీ2 మాత్రమే వేస్తుంది. ఇది తెలియక ఉన్న కీని అనుమానించి కొత్త కీ చేసినవాళ్లు ఉన్నారు.

ఏపీకేసైనర్ ఏ పద్ధతి సంతకాలు ఉన్నాయో కూడా చెబుతుంది. వీ2 ఆండ్రాయిడ్ 7.0తో వచ్చింది, వీ3 ఆండ్రాయిడ్ 9తో. వీ1 దగ్గర "ఫాల్స్" ఉన్నా కంగారు వద్దు. వీ2 లేదా వీ3 దగ్గర "ట్రూ" ఉండాలి. టార్గెట్ ఎస్‌డీకే 30 గానీ అంతకన్నా ఎక్కువ గానీ అయిన యాప్‌కి వీ1 ఒక్కటే ఉంటే ఆండ్రాయిడ్ 11, ఆపై ఫోన్లలో ఇన్‌స్టాలే కాదు.

ఇంకో మాట. ఏఏబీ నుంచి బండిల్‌టూల్‌తో ఏపీకేలు తీసి వాటి సంతకం చూడకండి. కీస్టోర్ వివరాలు ఇవ్వకపోతే బండిల్‌టూల్ మీ కంప్యూటర్‌లోని డీబగ్ కీతో వాటిని సైన్ చేస్తుంది. దానికీ మీ ఏఏబీ సంతకానికీ సంబంధం లేదు.

## 7. ఫింగర్‌ప్రింట్లు పోల్చడం

చిన్న పనే, కానీ కంటిని మోసం చేస్తుంది. కీటూల్, ప్లే కన్సోల్ పెద్ద అక్షరాల్లో, రెండేసి అంకెల మధ్య కోలన్లతో చూపిస్తాయి. ఏపీకేసైనర్ చిన్న అక్షరాల్లో, కోలన్లు లేకుండా ఒకే గొలుసులా చూపిస్తుంది. విలువ ఒకటే అయినా చూడ్డానికి వేరుగా ఉంటాయి.

- నోట్‌ప్యాడ్‌లో ఒకదాని కింద ఒకటి పేస్ట్ చేయండి
- కోలన్లు తీసేయండి, అన్నీ చిన్న అక్షరాల్లోకి మార్చండి
- షా-1ని షా-1తో, షా-256ని షా-256తోనే పోల్చండి. షా-1లో 40 అక్షరాలు, షా-256లో 64 ఉంటాయి
- ఒక విలువను కాపీ చేసి ఎడిటర్ సెర్చ్‌లో వేయండి. రెండు చోట్ల దొరికితే రెండూ ఒకటే

## 8. ఫోన్‌లో చూసేటప్పుడు

స్టోర్ నుంచి వేసుకున్న యాప్ ఉన్న ఫోన్‌లో, మీ కంప్యూటర్‌లో తీసిన రిలీజ్ ఏపీకే వేస్తే "అప్‌డేట్ ఇన్‌కంపాటిబుల్" అని రావచ్చు. ఇది మామూలే. స్టోర్ యాప్ మీద యాప్ సైనింగ్ కీ, మీ ఏపీకే మీద అప్‌లోడ్ కీ ఉన్నాయి మరి. పాత యాప్‌ని తీసేస్తే కొత్తది పడుతుంది కానీ, అందులోని డేటా పోతుంది. కస్టమర్ ఫోన్‌లో మాత్రం ఆ పని చేయకండి.

అప్‌డేట్ సరిగ్గా పడుతుందో చూడాలంటే ఇంటర్నల్ టెస్టింగ్ ట్రాక్‌లో పెట్టి, స్టోర్ ద్వారానే అప్‌డేట్ చేయండి. ఇంటర్నల్ యాప్ షేరింగ్ దీనికి పనికిరాదు, అందులో పెట్టిన యాప్‌ని గూగుల్ ఇంకో టెస్ట్ కీతో మళ్లీ సైన్ చేస్తుంది.

## 9. బయటి సర్వీసులకు ఏ ఫింగర్‌ప్రింట్ ఇవ్వాలి?

"నా ఫోన్‌లో గూగుల్ లాగిన్ పనిచేస్తోంది, స్టోర్ నుంచి దించుకున్నవాళ్లకు పనిచేయడం లేదు." దీని వెనక దాదాపు ప్రతిసారీ ఒకే కారణం ఉంటుంది. గూగుల్ వారి యాప్ సర్వీసు ఫైర్‌బేస్‌లో డీబగ్ లేదా అప్‌లోడ్ కీ షా-1 ఇచ్చి, యాప్ సైనింగ్ కీది ఇవ్వడం మర్చిపోయి ఉంటారు. లాగిన్ ఎర్రర్ కోడ్ 10 అని వస్తే మొదట చూడాల్సింది ఇదే.

- ఫైర్‌బేస్, గూగుల్ లాగిన్: యాప్ సైనింగ్ కీ తప్పనిసరి, టెస్టింగ్ కోసం డీబగ్, అప్‌లోడ్ కీలవి కూడా చేర్చండి
- మ్యాప్స్ ఏపీఐ కీకి ఆంక్షలు పెట్టి ఉంటే అక్కడ కూడా. మ్యాప్ ఖాళీగా బూడిద రంగులో వస్తే ఇది అనుమానించండి
- యాప్ లింక్స్ (వెబ్ లింక్ నొక్కితే యాప్ తెరుచుకునే ఏర్పాటు) కోసం వెబ్‌సైట్‌లో పెట్టే అసెట్‌లింక్స్ ఫైల్: ఇక్కడ షా-256 కావాలి, అదీ యాప్ సైనింగ్ కీది

## 10. ఆటోమేటిక్ బిల్డ్ సర్వర్ వాడుతుంటే

కీస్టోర్‌ని బేస్64 అక్షరాలుగా మార్చి సీక్రెట్‌గా దాచడం మామూలు పద్ధతి. కాపీ చేసేటప్పుడు మధ్యలో ఏ లైనైనా జారిపోతే అవతల వచ్చేది పనికిరాని ఫైల్. అందుకని ఒకే లైన్‌గా వచ్చేలా మార్చుకోండి. సర్వర్‌లో తిరిగి ఫైల్‌గా మార్చాక దాని సైజు అసలు ఫైల్‌తో సమానంగా ఉందో చూడండి. పాస్‌వర్డ్‌లో డాలర్ గుర్తు ఉంటే షెల్ దాన్ని ఇంకోలా చదవొచ్చు, సింగిల్ కోట్స్‌లో పెట్టండి.

6వ అడుగులోని కమాండ్‌ని బిల్డ్ చివరి మెట్టుగా చేర్చి, ఫింగర్‌ప్రింట్ కలవకపోతే బిల్డ్ ఫెయిల్ అయ్యేలా రాయండి. పది లైన్ల స్క్రిప్ట్ చాలు.

కీస్టోర్, కీ.ప్రాపర్టీస్ రెండూ గిట్ ఇగ్నోర్ లిస్టులో ఉండాలి. ఇప్పటికే గిట్‌లోకి వెళ్లిపోయి ఉంటే ఫైల్ తీసేసినంత మాత్రాన సరిపోదు, పాత కమిట్లలో ఉండిపోతుంది. ఆ కీ బయటపడినట్టే లెక్క.

## 11. తరచూ వచ్చే ఎర్రర్లు, వాటికి మందు

- "సైన్డ్ విత్ ద రాంగ్ కీ": మెసేజ్‌లోనే రెండు షా-1లు ఉంటాయి, కావలసినది, మీరు పంపినది. రెండోది డీబగ్ కీదైతే 4వ అడుగు, తెలియనిదైతే 3వ అడుగు.
- "సైన్డ్ ఇన్ డీబగ్ మోడ్": రిలీజ్ బిల్డ్ టైప్ ఇంకా డీబగ్ కాన్ఫిగ్‌నే చూపిస్తోంది.
- "ఆల్ అప్‌లోడెడ్ బండిల్స్ మస్ట్ బి సైన్డ్": కీ.ప్రాపర్టీస్ చదవబడలేదు. ఫైల్ పేరు, ఉన్న ఫోల్డర్ చూడండి.
- "ఫైనల్ బ్లాక్ నాట్ ప్రాపర్లీ ప్యాడెడ్": కీస్టోర్ తెరుచుకుంది, కీ పాస్‌వర్డ్ తప్పు. కొత్త జేడీకేలు చేసే పీకేసీఎస్12 కీస్టోర్లలో కీస్టోర్‌కీ కీకీ ఒకటే పాస్‌వర్డ్. రెండు చోట్లా ఒకటే ఇచ్చి చూడండి.
- సైన్ అయిన ఏపీకే వెరిఫై కావడం లేదు: సైన్ చేశాక ఎవరో జిప్‌అలైన్ (ఏపీకే లోపలి ఫైళ్లను సర్దే టూల్) నడిపి ఉంటారు. ఏపీకేసైనర్ వాడేటప్పుడు జిప్‌అలైన్ ముందు, సైనింగ్ తర్వాత.

అప్‌లోడ్ కీ నిజంగానే పోయిందా? యాప్ పోలేదు, భయపడకండి. ప్లే యాప్ సైనింగ్ ఉన్న యాప్‌కి అప్‌లోడ్ కీ రీసెట్ చేయమని కన్సోల్‌లోనే అడగొచ్చు. కొత్త కీ తయారుచేసి, దాని సర్టిఫికెట్‌ని పెమ్ ఫైల్‌గా తీసి, అకౌంట్ ఓనర్ లాగిన్‌తో రిక్వెస్ట్ పెట్టించండి. కొత్త కీ ఎప్పటినుంచి చెల్లుతుందో గూగుల్ చెప్పేదాకా దానితో అప్‌లోడ్ చేయకండి.

## 12. అప్‌లోడ్ బటన్ నొక్కే ముందు

- ఫైల్ టైమ్ ఇవాళ్టిదేనా?
- వర్షన్ కోడ్ పెరిగిందా?
- ఓనర్ దగ్గర "ఆండ్రాయిడ్ డీబగ్" లేదు కదా?
- ఏఏబీ షా-1, అప్‌లోడ్ కీ షా-1 ఒకటేనా?
- యాప్ సైనింగ్ కీ ఫింగర్‌ప్రింట్ ఫైర్‌బేస్, మ్యాప్స్, అసెట్‌లింక్స్‌లో ఉందా?
- కీస్టోర్, పాస్‌వర్డ్ల కాపీ ఈ కంప్యూటర్‌లో కాక ఇంకో భద్రమైన చోట ఉందా?

అప్‌లోడ్ అయ్యాక ఒక పని మిగులుతుంది. ప్లే కన్సోల్‌లో యాప్ బండిల్ ఎక్స్‌ప్లోరర్ తెరిచి, గూగుల్ సైన్ చేసిన యూనివర్సల్ ఏపీకేని డౌన్‌లోడ్ చేసుకోండి. దాని మీద ఏపీకేసైనర్ నడిపి, ఈసారి యాప్ సైనింగ్ కీ షా-256తో పోల్చండి. కలిస్తే రోల్‌అవుట్ మొదలుపెట్టండి.